ఇంజను నొసట బొట్టు

"అవ్వా, ఫోనుకు పెట్టిన బొట్టు తుడిస్తే అమ్మకు అంత కోపమేంది? నువ్వు సూస్తే నవ్వుతాండావు."

నవ్వక ఏం చేసేది మ్యా. రా, ఇట్ల కూచ్చో. ఆ పక్క వద్దు, ఆ చెవు నాకు సరిగా ఇనపడదు, ఈ పక్కకు రా. ఆఁ. మీ అమ్మ నీ కొత్త ఫోనుకు పసుపూ కుంకమూ పెట్టె. నువ్వేమో కొంగు... కొంగేంది, మీకు కొంగులు యాడుండాయి, చున్నీతో గీకి గీకి తుడిస్తివి. శుక్రవారం పూట బొట్టు చెరుపుతావా అని మీ అమ్మ వీధంతా ఇనపడేట్టు అరిసె. నాకు నవ్వెందుకొచ్చె అంటే, నేనూ ఒగ తూరి శుక్రవారం పూట బొట్టు చెరిపినా. మనిషిది కాదులే. ఇంజనుది. ఆ పొద్దు చెరపకపోయింటే నేను మల్ల బడి మొగం సూసేదాన్నే కాదు. మీ అమ్మకు కూడా ఈ సంగతి పూరాగా చెప్పలేదు నేను.

అప్పుడు నాకు పద్నాలుగు. నీకంటే ఒగేడు చిన్న. కాదు కాదు, నీకు మొన్ననే పదిహేను నిండె గదా, అవును, ఒగేడు చిన్న. మాది తొండూరుకు రెండు మైళ్లు. మా నాయనకు నేనొక్కదాన్నే. మగపిల్లోడు లేడు గాబట్టి కపిలి తోలే పని నాకొచ్చె. కపిలి అంటే నీకు తెలీదు. బావి గట్టున గిరక ఉంటాది, గిరక మీద మోకు, మోకుకు తోలుబాన. ఎద్దులు దిగువకు నడిస్తే బాన పైకొచ్చి నీళ్లు కాలవలో పడతాయి. మల్ల ఎద్దుల్ని ఎనక్కి నడిపియ్యాల. ఎనక్కి! మనిషినే ఎనక్కి నడవమంటే నడవడు, ఎద్దు నడుస్తాదా? ఒగ చేత్తో పగ్గం, ఒగ చేత్తో కర్ర, నోటితో అదిలింపు, అన్నీ ఒగేతూరి జరగాల. దిగేటప్పుడు మాత్రం మోకు మీద కూచ్చోని జారతాంటి. అదొక్కటే సుకం దాంట్లో.

తెల్లారీ తెల్లారకముందే కపిలి కట్టి, ఎండ ఎక్కేదాకా తోలి, సంగటిముద్ద మింగి తొండూరు బడికి ఉరికేదాన్ని. నా చేతులు తోలువాసన కొడతాండె. పక్కన కూచ్చున్న పిలకాయలు ముక్కులు మూసుకుంటాండ్రి. మూసుకుంటే మూసుకోనీ అని నేను ముందు వరసలోనే కూచ్చుంటాంటి. అట్లనే మూడో ఫారం పాసయితి. మూడో ఫారమంటే మీ లెక్కకు ఎనిమిది. ఆ పైన సదవాలంటే పులివెందులకు పోవాల. మా ఊర్లో అప్పటికి ఆడపిల్ల ఎవురూ పోలేదు.

ఆ ఏడే బావి నీళ్లు తోడే ఆయిలింజను వచ్చె. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయినాక అనమాట, ఒగేడో రెండేండ్లో, సరిగా గుర్తుల్యా. మా నాయన ఎద్దుల్ని అమ్మి తెచ్చినాడు దాన్ని. మా అమ్మ ఎద్దులు పోతాంటే ఏడ్సె, ఇంజను వస్తాంటే హారతిచ్చె. పులివెందుల దాకా లారీలో, ఆడనుంచి బండి మీద. ఊరంతా బావికాడికి వచ్చిరి. ఒగాయప్ప ఇది మేత తింటాదా అని అడిగె. నువ్వు నవ్వుతాండావు, నీ ఫోను తింటాండ్లా కరెంటు? ఆయప్ప అడిగింది తప్పేం కాదు.

దాన్ని బిగించింది మస్తాన్ మామ. ప్రొద్దుటూరు మెకానిక్కు. సాయిబే గాని మా నాయనతో పొత్తు శానా. మామ చెప్తాండంగనే మా నాయన హ్యాండిలు పట్టుకోని బలమంతా పెట్టి తిప్పె. ఇంజను ఎనక్కి తన్నె. మోచేయి ఇంత లావు వాసె. మామ నవ్వి, "అప్పా, ఇది ఎద్దు కాదు, బలంతో లొంగదు. ఈ మీట పైకెత్తు, తిప్పు, చక్రం ఊపందుకున్యాక మీట కింద పడెయ్యి" అనె. మా నాయనకు రెండు చేతులు రెండు పనులు చెయ్యవు. నాకు చేస్తాయి. కపిలి తోలినదాన్ని గదా! నేను పొయి తిప్పితి. ఒగ తూరి గుర్రు మనె, రెండో తూరికి డబడబా అందుకునె. నా కాళ్లకింద నేల అదరతాంటే, అబ్బా, ఆ సంతోషం ఎట్ల చెప్పేది నీకు. మామ నా నెత్తిన చెయ్యి పెట్టి, "బేటీ, ఇంక నువ్వే దీనికి డ్రైవరు" అనె.

ఇంజను వచ్చినాక మా ఇంట్లో ఇద్దరికి తీరిక దొరికె. కపిలి లేదు గాబట్టి పులివెందులకు పొయి సదువుకోవచ్చని నేననుకుంటి. కపిలి లేదు గాబట్టి దీనికింక పనేముండాది, పెండ్లి చేద్దామని మా నాయన అనుకునె. సూడు మరి. ఎద్దులు ఉన్నన్నాళ్లూ నేను ఇంటికి కావాల్సిందాన్ని. ఎద్దులు పాయ, నేనూ పోవాల.

జమ్మలమడుగు సంబంధం. పిల్లోడు మంచోడే అంట, నేను సూడలేదు గాబట్టి చెడ్డ చెప్పను. కోతలయినాక మాట్లాడుకుందామని కబురు వచ్చె. దానికి తోడు ఆ నెలలోనే నేను పెద్దమనిషి అయితి. మా జేజి ఉండె గదా, మా నాయన్ను కన్నతల్లి, ఆమె మాటంటే ఇంట్లో ఎదురులేదు. పెద్దమనిషైన పిల్ల ఇంజను కొట్టంలోకి పోగూడదు, హ్యాండిలు ముట్టగూడదు అనె. హ్యాండిలు తీస్కపొయి తన మంచం కింద పెట్టుకునె. నీ పాత ఫోను మీ అమ్మ బీరువాలో పెట్టి తాళమేసింది సూడు పరీక్షలప్పుడు, అట్ల. నేనూ నీ మాదిరే మూడు పూటలు అన్నం తిన్లేదు. ఎవురూ బతిమాల్లేదు, నాలుగో పూటకు నేనే తింటి.

ఇంగ ఆడే వచ్చె సిక్కు. మా నాయనే మోచేతికి గుడ్డ కట్టుకోని, మూలుగుతా తిప్పుతాండె. తిప్పితే అందుకుంటాది, రోంత సేపు నడుస్తాది, ఆగిపోతాది. ఆయిలు ట్యాంకు మూత తీసి ఉండాదా లేదా అని సూస్తాడు, ఉంటాది. మల్ల మూత పెట్టి తిప్పితే అందుకుంటాది, మల్ల ఆగిపోతాది. కయ్య నిండా వరి పాలు పోసుకోని నిలబడింది. తడి అందకపోతే గింజ పట్టదు, తాలు పోతాది. ఎద్దుల్ని తెద్దామంటే అమ్మేసినాడు. మస్తాన్ మామకు కబురు పెడితే రెండు తూర్లు వచ్చె. ఆయన ముందు మూత తీసి పక్కన పెట్టి, అన్నీ తట్టి సూసి నడిపిస్తే బంగారంగా నడిచె. ఏం రోగం లేదప్పా అని మూత పెట్టి బస్సుకు పాయ. ఆయన తొండూరు చేరింటాడో లేదో, ఇది ఆగిపాయ.

మా జేజి తేల్చి చెప్పె. ఈ పిల్ల పెద్దమనిషైన నెల నుంచే ఇంజను ఆగుతాండాది, దీని నీడ పడింది దాని మీద, బిరీన పెండ్లి చేసి పంపియ్యండి అనె. మా నాయన నా తట్టు సూసె. ఆ సూపు మ్యా... తిట్టింటే బాగుండు. కొట్టినా బాగుండు. జేజి మాట నమ్మినాడు సూడు, అదే నేను ఓర్సుకోలేకపోతి.

నేను ఆ పొద్దే అనుకుంటి, దీని సంగతేందో కనుక్కోకపోతే నేను మనిషినే కాదు అని. కొట్టంలోకి పోగూడదు గదా, బయట నిలబడి సందులోంచి సూస్తాంటి. నాలుగు దినాలు సూస్తి. ఏం సూస్తినంటే, ఇంజను ఆగినాక మా నాయన మూత తీస్తాడు సూడు, అప్పుడు స్స్ అని ఒగ సప్పుడు. తీసిన ప్రతి తూరీ స్స్.

ఐదో పొద్దు ఇంట్లో దీపానికి కిరసనాయిలు పోస్తాండా. కొత్త డబ్బా. మా అమ్మ మేకు పెట్టి ఒగ బొక్క కొట్టింది. వంచితే గుడక్ మని రోంత పడి ఆగిపాయ. ఇంగొగ బొక్క కొట్టు మ్యా, గాలి పోకపోతే నూనె ఎట్ల దిగుతాది అనె మా అమ్మ. నేను డబ్బా అట్లే పట్టుకోని నిలబడిపోతి. ఇంజను మూతకు గూడా నడిమధ్య సూది దూరేంత బొక్క ఉండె! బిగించిన పొద్దు సూసినా నేను. అది ఇప్పుడు యాడ? మా జేజి బొట్టు కింద!

అదీ సంగతి. మొదట పూజలో బొట్టు చక్రానికి పెట్టిరి. తర్వాత మా జేజి, బొట్టు నొసట ఉండాల గాని చక్రానికేంది, మూతే దాని నెత్తి అని, శుక్రవారం శుక్రవారం పసుపు తడిపి మూత మీద దట్టంగా మెత్తి, నడిమిట్లో కుంకం అద్దుతాండె. పాతది తుడవగూడదంట, దాని మీదనే ఇంగొగటి. నేను పెద్దమనిషైన నెలలో దిష్టి తగలకుండా ఇంకా మందంగా పూసె. బొక్క పూడిపాయ. మస్తాన్ మామకు అనుమానం రాలేదా అంటావా? ఆయన సాయిబు. హిందువుల బొట్టు నా చేత్తో చెదిరితే ఏమనుకుంటారో అని, అంచు పట్టుకోని మెల్లిగా తీసె, మెల్లిగా పెట్టె. నేను కండ్లారా సూసినా. ఆయన మర్యాద ఆయనది, మా జేజి భక్తి ఆమెది, నడిమధ్యన నా పెండ్లి.

తెల్లారితే శుక్రవారం. మా జేజి తలకు పోసుకోని వచ్చి కొత్త బొట్టు పెట్టె. మా నాయన తిప్పె. నడిచె, ఆగె. కయ్య గట్టు, గెనిం మీద నెత్తిన చేతులు పెట్టుకోని కూలబడె. నేను మంచం కింద నుంచి... కాదు, హ్యాండిలు మా నాయన దగ్గరే ఉండె అప్పుడు. పొయి ఎదురుగ్గా నిలబడితి.

"నాయనా, ఇది ఆగకుండా నేను నడిపిస్తే నన్ను పులివెందుల బడికి పంపిస్తావా?"

"నీకేం తెలుసు మ్యా, పో ఇంటికి."

"పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నడుస్తాది. పంపిస్తావా?"

"నడిపియ్ ముందు, సూద్దాం."

"సూద్దాం గాదు. పంపిస్తా అను."

మా నాయనతో అంత మాట అదే మొదలు నాకు. ఆయన కయ్య దిక్కు సూసె. వరి ఎండకు వాలిపోయిండాది. "పంపిస్తా పో" అనె.

నేను కొట్టంలోకి పొయి ఓణీ కొంగు తడిపి ఆ బొట్టు తుడిస్తి. రాలేదు, ఎండిపోయి పెంకు కట్టింది. తలలో పిన్ను పెరికి గీకితి. మా జేజి గుండెలు బాదుకునె. "శుక్రవారం పూట బొట్టు చెరిపెరా! పెండ్లి గావాల్సిన పిల్ల బొట్టు చెరిపెరా!" అంటాంటే పక్క సేన్లల్లో ఉండేవాళ్లు గూడా వచ్చిరి. మా నాయన లేచొచ్చి చెయ్యి ఎత్తె. అయినా పిన్ను వదల్లేదు.

"కొడితే కొట్టు నాయనా. పొద్దు నడినెత్తికి వచ్చినాక కొట్టు."

పిన్ను కొస దిగె. స్స్ అనె. మా నాయనకు గూడా ఇనపడింటాది, ఎత్తిన చెయ్యి అట్లే నిలిచిపాయ. హ్యాండిలు తగిలించి, మీట ఎత్తి తిప్పితి.

ఇంగ సూడు, ఎవురూ ఇంటికి పోరు. అందరూ ఎప్పుడు ఆగుతాదా అని సూస్తాండారు. నేను మూత దగ్గర కూచ్చోని సెమట తుడుసుకోకుండా ఇంటాండా. మొదటి కయ్య తడిసె. రెండోది తడిసె. జనం ఒగరెనక ఒగరు జారుకునిరి. మా జేజి అరిసి అరిసి గొంతు పోయి నీళ్లడిగె, నేనే ఇస్తి, తాగె. పొద్దు నెత్తిమీదికొచ్చి పడమటికి గూడా వాలె. ఆగలేదు. మా నాయన వచ్చి, నా మొగం సూడకుండానే, "నీళ్లు చాలు, ఆపు" అని ఎల్లిపాయ. మెచ్చుకోలు లేదు, పంపిస్తా అని మల్ల చెప్పనూ లేదు.

వారమంతా అదే గుబులు నాకు. ఇంటాండావా? మల్లొచ్చిన శుక్రవారం నేను ఇంజనుకు ఆయిలు పోస్తాండా. మా నాయన తలకు పోసుకోని, కుంకంబరిణె తానే తీసుకోని వచ్చె. మా జేజి రాలేదు. ఆయన వేలు కుంకంలో ముంచి, మూతకాడ ఆగి, ఆడనుంచి తీసి చక్రంకాడికి పొయి, ఆడ గూడా ఆగి, నా తట్టు తిరిగి అడిగె.

"ఈడ పెట్టొచ్చునామ్మా?"

మీసాలు నెరిసిన మనిషి. ఊర్లో పంచాయితీ చెప్పే మనిషి. నన్ను అడుగుతాండాడు, ఈడ పెట్టొచ్చునా అని. తల ఊపితి. పెట్టినాక, చెయ్యి తుడుసుకుంటా, "జమ్మలమడుగుకు నాలుగేండ్లు ఆగమని చెప్పి పంపిస్తిలే" అనె. వాళ్లు ఆగలేదులే, ఎందుకు ఆగుతారు. నేను పొద్దున్నే ఇంజను తిప్పి, తొండూరుకు నడిచి, పులివెందుల బస్సు ఎక్కి సదివినా. బస్సులో గూడా ముక్కులు మూసుకుంటాండ్రి. అప్పుడు తోలువాసన, ఇప్పుడు ఆయిలు వాసన, అంతే తేడా. జమ్మలమడుగుకు గూడా పోయినా నేను. పెండ్లికూతురుగా గాదు, టీచరమ్మగా పోయినా.

మా జేజిని తిట్టుకోవాకు నువ్వు. ఆమెకు తెలిసిన కాపుదల అదే. మీ అమ్మకూ అంతే. నీ ఫోనంటే భయం, నువ్వంటే ప్రాణం, రెండూ కలిపి పసుపు మెత్తుతాండాది. అరిస్తే అరవనీ. నువ్వు మాత్రం తెలుసుకోకుండా తుడవాకు, తెలిసినాక భయపడి ఆగాకు.

ఏదీ, ఆ ఫోను ఇట్ల తే. కుంకంబరిణె ఆ గూట్లో ఉంటాది, అందుకో. మీ అమ్మ సల్లబడతాది, నేను పెడతాలే. చల్లగుండు నా తల్లీ, నీ మాట పదిమందికి ఇనపడాల, నీ చేతిలో ప్రతిదీ తిరగాల... ఇదేంది, దీనికి ఈ కొసన గూడా బొక్కలుండాయే? నా కండ్లకు ఆనవు. నువ్వే చెప్పు మ్యా. ఈడ పెట్టొచ్చునా?