మళ్ళీ గీకండి

లాడ్జి కౌంటరు దగ్గర ఆమె చెవికి ఫోను ఆనించుకుని బ్యాంకు కస్టమర్ కేర్‌తో మాట్లాడుతోంది. ఎదురుగా కౌంటరు పెద్దాయన ఆమె కార్డు పట్టుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ డిక్లైన్ అంటోందమ్మా."

"ఒక్క నిమిషం పెద్దాయనా, బ్యాంకు వాళ్ళతోనే మాట్లాడుతున్నా. హలో బాబూ, ఉన్నావా? లిమిట్ అయిపోయిందా?"

"లేదు మేడమ్. లిమిట్ చాలా ఉంది."

"గడువు దాటిందా?"

"అదీ లేదు. పిన్ కూడా సరిగ్గానే పడింది."

"అన్నీ బాగుంటే ఎందుకు పోవట్లేదయ్యా?"

"అంటే మేడమ్... కొన్ని కారణాల వల్ల..."

"ఆ కొన్ని ఏంటో చెప్పు."

"మా మిషన్ తప్పేం లేదమ్మా. ఇందాక ఒకాయన కార్డు పెడితే పెంపుడు కుక్కలా మాట విన్నది."

"మిమ్మల్ని అనట్లేదు పెద్దాయనా. బాబూ, చెప్పు."

"మీది అనుబంధ కార్డు మేడమ్. అసలు కార్డు..."

"మా ఆయనది. తెలుసు."

"ఆయన పొద్దున యాప్‌లో మీ కార్డు ఆపేశారు."

"పొద్దునా? అంటే నేను గడప దాటేసరికే..."

"మేడమ్?"

"ఏం లేదు. నేను చిప్‌కి మురికి పట్టిందనుకున్నా. బస్టాండులో పై ఊరికి టికెట్ తీస్తుంటే పోలేదు. కొంగుతో తుడిచి మళ్ళీ గీకించా. మందుల షాపులోనూ తుడిచా. ఇక్కడా అంతే."

"అయ్యో. అన్నిసార్లు గీకకుండా ఉండాల్సింది."

"ఏం? డబ్బు పోలేదుగా?"

"డబ్బు పోలేదు మేడమ్. మెసేజ్ పోయింది."

"ఎవరికి?"

"ఫెయిలైన ప్రతిసారీ మీ వారి ఫోనుకి. ఎక్కడ గీకారో ఆ పేరుతో సహా."

"బస్టాండు..."

"వెళ్ళింది."

"ఈ లాడ్జి?"

"అదీ వెళ్ళిపోయింది మేడమ్."

"అమ్మా, మొహం అలా పాలిపోయిందేంటి? మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు పెద్దాయనా."

"మేడమ్, మీకేమైనా ఇబ్బందా?"

"నిన్న కూడా గదిలో పెట్టి తాళం వేశాడు బాబూ. కట్టుబట్టలతో వచ్చేశాను. చేతిలో ఉన్న కాస్తా ఇక్కడిదాకా రావడానికే సరిపోయింది."

"అక్కడ ఉండకండి మేడమ్. ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. ఇప్పుడే."

"వెళ్తా, వెళ్తా. పెద్దాయనా, గది వద్దు. నా కార్డు ఇచ్చేయండి."

"ఆగమ్మా, ఫోను మోగుతోంది. హలో, లాడ్జి... ఆ, ఉన్నారండీ. నా ఎదురుగానే ఉన్నారు... అయ్యో, అలాగా పాపం... తప్పకుండా సార్, తప్పకుండా."

"ఎవరు?"

"కూర్చోండమ్మా, కంగారేం లేదు."

"ఎవరు పెద్దాయనా?"

"మేడమ్! మీ వారు ఇప్పుడే మీ కార్డు మళ్ళీ తెరిచారు. నాకిక్కడ కనపడుతోంది. గీకించకండి, మీరింకా అక్కడే ఉన్నట్టు ఆయనకి తెలిసిపోతుంది, వినపడుతోందా? వెంటనే బయటికి..."

"పెద్దాయనా, గీకకండి!"

"గీకేశానమ్మా, పాస్ అయింది! పిన్ ఇందాక మీరు చెప్పిందే కొట్టాను. మీ వారు బంగారం. మతి స్థిమితం లేక చెప్పకుండా వచ్చేశారట కదా, పాపం. సందు చివరిదాకా వచ్చేశారట. అందాకా మిమ్మల్ని కదలనివ్వొద్దన్నారు. గేటుకి తాళం వేయించేశా, మీరేం భయపడకండి."