బూట్లతో పాటు ఆరిన అరటి ముక్కలు

నన్ను అందరూ ముక్కమ్మ అంటారు. అసలు పేరు మీ కాగితం పైన ఉంది, అది చాలు. వయసు డెబ్బై ఒకటి, ఒకటి రెండు అటూ ఇటూ. పళ్లు ఆరబెట్టే ఫ్యాక్టరీలో ట్రేలు పేర్చడం నా పని. చదువు లేదు. చెప్పింది చెప్పినట్టు రాయండి, నునుపు చేయకండి.

ముప్పై ఏళ్లు ఎండలో ఆరబెట్టాను. నాలుగేళ్ల క్రితం మిషను వచ్చింది. దాని మీద కసితో సరుకు పాడుచేశానని యజమాని మీ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడట. అబద్ధం. ఆ మిషను నాకు నచ్చింది. అంతకుముందు వాన రోజుల్లో వాడిన పాత హీటరు తాగే కరెంటులో మూడో వంతు కూడా తాగదు. గడుసు ఇల్లాలి లాంటిది, పుట్టిన వేడిని గడప దాటనివ్వదు. తడి గాలిని లాక్కుని, అందులో నీళ్లు పిండేసి, ఆ వేడితోనే మళ్లీ కాచి ట్రేల మీదికి తోలుతుంది. నీళ్లు గొట్టం గుండా బయట బకెట్‌లో పడతాయి. గాలి బయటికి రాదు. అదే గాలి తిరుగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

మొన్న మంగళవారం వాన. ఉదయం ఎనిమిదింటికి అరటికాయ ముక్కలు ఇరవై నాలుగు ట్రేలు పేర్చి తలుపు వేశాం. ఆ ముక్కల్ని పొడి కొట్టి పసిపిల్లల కోసం అమ్ముతారు. మా మునిమనవరాలు ఆరు నెలల పిల్ల, ఆ పొడే తింటుంది.

పదకొండింటికి బకెట్ మార్చబోయాను. ఆ నీళ్లు పచ్చి అరటి వాసన వేయాలి. కంపు కొట్టాయి. చెమట కాళ్ల కంపు. ఛీ.

సూపర్‌వైజరు ఒట్టి కాళ్లతో కుర్చీలో ఉన్నాడు.

"లోపల ఏం పెట్టావయ్యా?"

"నీ ముక్కుకి చాదస్తం వచ్చింది పెద్దమ్మా. పని చూసుకో."

మీట దించి తలుపు తీశాను. కింది ట్రే వెనక, గాలి వచ్చే చోట, రెండు బూట్లు. నాలుగు సాక్సులు. ఒక బనియను. సాక్సులు నాలుగెందుకో ఇప్పటికీ తెలియదు.

"మిషను ఎలాగూ తిరుగుతోంది కదా, వేరే కరెంటు దండగెందుకు? ఆదా ఆదా అని అయ్యగారే రోజూ అంటారు."

"నీ ఆదా తగలెయ్య! పసిపిల్లల నోట్లోకి పోయేవిరా ఇవి!"

"వేడికి క్రిములు చస్తాయిలే. పొడి కొట్టాక ఎవరికి తెలుస్తుంది?"

"రోజూ ఇదే పనా?"

"వాన పడ్డ రోజే."

వారం రోజులుగా వాన. వారం రోజులుగా నాకు జలుబు, ఆ పొద్దునే ముక్కు తెరుచుకుంది. శనివారం మా ఇంట్లో కొత్త ప్యాకెట్ విప్పాం.

అతను బూట్లు తీసి, తలుపు మూసి, మీట ఎత్తాడు. మళ్లీ అదే గాలి. నేను మళ్లీ మీట దించాను. ట్రేలన్నీ బయటికి లాగి, ఆ బకెట్ నీళ్లే చెంబుతో కుమ్మరించాను, ప్యాక్ చేయడానికి పనికిరాకుండా. ఇరవై నాలుగూ. ఒప్పుకుంటున్నాను. "పిచ్చిదాన్ని పట్టుకోండి" అని అతను అరిచాడు. తోటి ఆడవాళ్లు ఒక్కరూ కదల్లేదు. మోటారు మీద చుక్క పడలేదు. తలుపు గడియ విరగ్గొట్టలేదు. బూట్లలో మాత్రం కావాలనే పోశాను.

పోయిన వారం ప్యాకెట్లు ఇంకా కొట్లలో ఉన్నాయి. ముందు అవి వెనక్కి తెప్పించండి. తర్వాత నన్ను ఎక్కడ కూర్చోబెట్టినా కూర్చుంటాను.

ఆ నీళ్లు కొన్ని సీసాలో పట్టి తెచ్చాను. మీ బల్ల మీదే ఉంది. మూత తీసి చూడండి.

మూత బిగించేసి కిటికీ తెరిచారు కదా. అది కూడా రాయండి.

చదివి వినిపించారు. నా నోటి మాటే ఉంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు, అంతా నిజం. కిటికీ సంగతి రెండోసారి చదివించుకుని విన్నాను. సంతకం రాదు.

ఎడమ చేతి బొటనవేలి ముద్ర.