ఎవరిది వాళ్ళే వెతుక్కోండి

2003. కోవిల్‌పట్టి పక్కన ఒక సర్కారు ఆసుపత్రి. రికార్డు గది కిటికీకి లోపల గుమాస్తా కందసామి, బయట చెల్లసామి.

“అరవంలో అరవొద్దయ్యా. నువ్వూ మనవాడివే కదా, మన తెలుగు బాసలో చెప్పు. నీ వెనక వరస నిలబడుండాది, వాళ్ళకంతా తెలిసిపోతాది.”

“గుట్టు ఇప్పుడు గుర్తొచ్చిందా? మా చెల్లెలికి టీబీ ఉండిందని పెళ్ళికొడుకు మేనమామకు చెప్పిందెవరు?”

“నేను చెప్పలేదు.”

“ఆ మేనమామే, కుళందైసామి. తిరుత్తంగల్‌లో అచ్చాఫీసు. దగ్గుతా వచ్చినాడంట ఇక్కడికి. సొంతూర్లో తెలియగూడదని ఇంత దూరం.”

“దగ్గుతా ఎంతో మంది వస్తారు. మొగాలు గుర్తుంటాయా నాకు?”

“ఈ గది లోపలికి వచ్చినాడా?”

“వరసను పోనీ, తర్వాత మాట్లాడుదాం.”

“వచ్చినాడా, లేదా?”

“వచ్చుంటాడు. నన్నేం చెయ్యమంటావు? ముగ్గురం ఉండింటిమి. ఒకామె తూత్తుకుడికి మారిపోయె, ఒకాయన రిటైరయ్యె. చీటీ నేనే రాయాల, ఫైలు నేనే తీయాల, నెల లెక్క నేనే పంపాల. కంప్యూటర్ ఇచ్చినారు, గుడ్డ కప్పి పెట్టినా. ఎవరు కొట్టేది? అందుకే, ఎవరిది వాళ్ళే వెతుక్కోండి అంటా.”

“వాడు వాడిది వెతుక్కుంటా మాది చదివినాడు! నిచ్చయమైన పెళ్ళి ఆగిపోయింది. మా చెల్లెలు పాండిసెల్వి అన్నం ముట్టడం లేదు.”

“పెద్దాఫీసుకు ఫిర్యాదు రాసి పెట్టు. ఇంకొక మనిషినన్నా వేస్తారు.”

“నీకు మనిషిని వేసేదానికా నేను వచ్చింది? జబ్బు నయమైందని డాక్టరమ్మ రాసిన ఫైలు తియ్యి. సాయంకాలం విరుదునగర్‌లో పెళ్ళికొడుకు వాళ్ళ ముందర పెట్టాల. అప్పుడన్నా పెళ్ళి నిలబడతాది.”

“లోపలికి పో. ఎడమ గోడ పక్క టీబీవి. వెతుక్కో.”

“నన్నూ వెతుక్కోమంటావా? సిగ్గుందా నీకు?”

“నేను లేస్తే వీళ్ళనెవరు చూసేది? పో, పో!”

“ఎడమ గోడా... అబ్బా, ఏం దుమ్ము!”

“దొరికిందా?”

“ఎట్ల దొరుకుతాది, చెత్తకుప్ప మాదిరి పోసి పెట్టినావు. ఆ... పాండిసెల్వి. ఇదే. దీని కింద... ముత్తుసెల్వి. తండ్రి కందసామి, ఆసుపత్రి గుమాస్తా.”

“అది కింద పెట్టు.”

“నీ బిడ్డా?”

“పెట్టమంటాండా! బయటికి రా!”

“ఎందుకంత కోపం? అరవంలో గట్టిగా చదవనా, వరసంతా వినేటట్టు?”

“వద్దు తమ్ముడా... దానికింకా పెళ్ళి కాలేదు.”

“చదవను. పేరు చూసి మూసేసినా. మా చెల్లెలిది చూసినోడు మూయలేదు.”