గోడమేకుకు తగిలించిన సంచి

ఎస్తేరమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు చేతులు కడుక్కునే చోటు ఎక్కడని అడుగుతుంది. ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో ముప్పై ఏళ్లు ఆయాగా చేసింది. “పెద్దమ్మా, ఆ పైపు సంచి సంగతి మొదట్నుంచి చెప్పు” అన్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఏముంది పాపా చెప్పేకి. అప్పుడు రాష్ట్రం విడిపోయి ఒక ఏడాది అయింటాది. కాదు, రెండేండ్లు. మా చిన్నోడు అప్పుడే కువైట్ నుంచి వచ్చేసిండ్య. సరేలే, వాని కత ఎందుకు ఇప్పుడు.

చక్రాయపేట పక్క పల్లె నుంచి ఒకాయమ్మ వచ్చింది, ఓబుళమ్మ అని. నలభై దాటింటాయి, అంతే. గర్భసంచి కిందికి జారింది. ఎన్నేండ్ల నుంచి అంటే ఆరేండ్ల నుంచి అంట. ఆరేండ్లు ఆ బాధ కాళ్ల మధ్య పెట్టుకోని చీనీతోటలో బత్తాయిలు కోసే కూలికి పోయింది. మొగోడికి పన్ను నొప్పి వస్తే ఊరంతా తెలుస్తాది గదా, మనకు ప్రాణం మీదికొచ్చినా పక్కింటికి తెలీదు. ఆపరేషన్ బాగానే అయింది. కుట్లు మానేదాకా కడుపులోని ఉచ్చ సంచి మీద బరువు పడకూడదని పైపు ఏసి, దానికి ప్లాస్టిక్ సంచి తగిలించి, పది దినాలు ఇంట్లో అట్లనే ఉండమని పంపినారు. పంపేటప్పుడు కాయితం ఇచ్చినారు. ఎవురి చేతికి ఇచ్చినారంటావు? పైపు ఉండేది ఓబుళమ్మకు, కాయితం ఇచ్చింది మొగునికి. సుబ్బరాయుడని, ఆయప్ప పేరు. మంచోడే, చెడ్డోడు కాదు. కాయితం కండ్లకద్దుకోని జేబులో పెట్టుకున్యాడు.

నాలుగో దినం ఆటోలో వచ్చినారు మళ్లా. ఓబుళమ్మ గడగడా వణుకుతాంది. మూడు దుప్పట్లు కప్పినా చలి పోలేదు. ఒళ్లు పెనం మాదిరి కాలిపోతాంది, నడుములు పట్టుకోని మూలుగుతాంది. ఉచ్చలోని విషం పైకి ఎక్కింది, రక్తంలోకి పోతే మనిషి దక్కదు అని డాక్టరమ్మ అనింది. నాకు భయమేసింది పాపా. ముప్పై ఏండ్లలో అట్ల వణికినోళ్లు అందరూ లేచి ఇంటికి పోలేదు.

డాక్టరమ్మ సుబ్బరాయుణ్ణి నిలబెట్టి, సంచి కిందే పెట్టుకోమని కాయితంలో రాసి ఇచ్చినాం గదా, ఏం చేసినారని అడిగింది. ఆయప్ప ఛాతీ ఇరిచి, “పోగొట్టలేదు మేడం, పొలం పాసుబుక్కుతో పాటు బీరువాలో పెట్టి బీగం ఏసినా” అన్యాడు. నవ్వుతావా? నవ్వు. మన తట్టు సీలు పడిన కాయితం చదివేది కాదు, దాచేది. నేనూ అంతే, నా రేషన్ కార్డు ఇప్పటికీ పరుపు కిందే ఉంది.

వారం దినాలు సూదులేసినారు. జొరం దిగింది. రాత్రీ పగలూ ఆయమ్మ కాడ ఉన్నింది నేనే. ఒళ్లు తుడుస్తా మెల్లగా అడిగినా, సంచి యాడ పెట్టుకుంటివమ్మా అని. తలకాయ పక్కకు తిప్పుకోని చెప్పింది. ఆపరేషన్ అయిందని ఊరంతా చూసేకి వచ్చిరంట. నీకు తెలుసు గదా, మా పక్క ఎవురన్నా పడుకుంటే చీనీకాయలు తీసుకోని పోతారు. గోడమేకులకు అన్నీ చీనీకాయల సంచులే. ఉచ్చ నిండిన ఆ ప్లాస్టిక్ సంచి మంచం కింద కనపడితే ఎట్ల, మామ వరసోళ్లు కూడా వస్తాండ్రి. అందుకని దాన్ని కూడా ఒక గుడ్డ సంచిలో పెట్టి, చీనీకాయల మధ్యలో గోడమేకుకు తగిలించింది. మంచానికి మూరెడు పైన. ఇంగ నీళ్లు తాగితే మాటిమాటికీ సంచి వంచి పారబోయాలని నీళ్లు తాగడమే మానేసింది.

అప్పుడు నాకు తెలిసింది పాపా. కాయితం చదివినా ఆయమ్మ అదే పని చేసుండేది. సిగ్గుకు మందు కాయితంలో రాయలేదు గదా.

కుట్లు సరిగ్గా మానలేదు, ఇంగా పది దినాలు పైపుతోనే ఇంటికి పంపాలనిరి. ఇంగొకసారి ఇట్ల అయితే ఆయమ్మ తట్టుకోలేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. నేను ఊరకుండలేకపోతిని. మా అమ్మ జమ్మలమడుగులో దొరసాని డాక్టరమ్మ కాడ నీళ్లు కాంచే పనిలో ఉన్నింది. నెలకు ఎనిమిది రూపాయలు, ఒక పూట జొన్నన్నం. బాలింతలకు బిడ్డను ఎట్ల కడగాలో ఆ దొరసాని చెప్పేది కాదంట, కడిగి చూపించేదంట. తెలుగు సరిగ్గా రాదు గదా పాపం. అది గ్యాపకమొచ్చింది.

కవరు చినిగిందని పక్కన పడేసిన సంచి ఒకటి ఉండ్య, పైపుతో సహా. దాంట్లో పసుపు నీళ్లు పోసినా. పంపే దినం సుబ్బరాయుణ్ణి స్టూలు మీద కూర్చోపెట్టి పైపు కొస ఆయప్ప చేతికిచ్చినా. సిస్టరమ్మ వచ్చి, నేర్పేది నా పని, నువ్వు బెడ్‌షీట్లు చూసుకో పో అనింది. చూసుకుంటా సిస్టరమ్మా, రెండు నిమిషాలు అన్న్యా. సంచి ఎత్తి నా తలకాయంత ఎత్తు పట్టుకున్యా. పసుపు నీళ్లు జర్రున దిగి ఆయప్ప తెల్ల పంచ మీద పడినాయి. ఎగిరి లేచినాడు.

“ఏమప్పా, పంచ తడిస్తేనే ఎగిరితివే. నాలుగు దినాలు ఇది మీ ఆడమనిషి కడుపులోకి పోయింది” అన్న్యా.

ఆయప్ప పంచ పిండుకోని మళ్లా స్టూలు మీద కూర్చున్యాడు.

మళ్ల ఓబుళమ్మకు నా పాత లంగా గుడ్డతో ఒక తిత్తి కుట్టినా, రెండు దారాలతో. ప్లాస్టిక్ సంచి దాంట్లో పెట్టి పిక్కకు కట్టుకుంటే చీర కింద ఎవురికీ కనపడదు, నడుముకు కిందే ఉంటాది. కూర్చున్నా నిలబడినా దిగులు లేదు. తెలిసిందా అని అడిగితే తలకాయ ఊపింది. అట్ల ఊపేది మనకు పుట్టినప్పట్నుంచి నేర్పిన విద్య గదా, నేను ఒప్పుకోల్యా. నీ నోటితో చెప్పమన్న్యా. మూడోసారికి చెప్పింది. “నడుముకు కింద ఉండాల. పైపు మడత పడగూడదు. చేతులు కడుక్కోనే ముట్టాల. సగం నిండితే వంచాల. నీళ్లు బాగా తాగాల. చలిజొరం వస్తే ఆ పొద్దే రావాల.” ప్రతి మాటా చెప్పింది. చెప్పినాక ఆయమ్మ మొగం చూడాల్సింది నువ్వు.

ఇంటికైతే పోయిరి, నాకు నిద్ర పట్టల్యా. పోయినసారి నాలుగో దినమే గదా వచ్చింది. ఐదో దినం ఆదివారం. చర్చికి పోవాల్సింది, ప్రభువు ఏమనుకోడులే అని వేంపల్లె బస్సెక్కినా. ఆడ దిగి ఆటో. ఇల్లు కనుక్కోని లోపలికి పోతే మంచం ఖాళీ. ముందు గోడమేకుల తట్టు చూసినా పాపా.

పెరట్లో నుంచి మాటలు వినపడినాయి. పోయి చూస్తే రేకుల కింద కూర్చోని ఉంది, చుట్టూ నలుగురు ఆడోళ్లు చీనీకాయలు ఒలుచుకుంటా. చెంబుడు నీళ్లు పక్కనే. చీర అంచు జానెడు ఎత్తి తిత్తి చూపిస్తాంది వాళ్లకు. వాళ్లల్లో ఒక ముసలామె అడుగుతాంది, నాకూ అట్లనే గర్భసంచి జారి పదేండ్లాయ, నాకూ బాగైతాదా అని. చూసినావా. ఇది దాచింది, అది దాచింది, అందరూ దాచిరి.

ఇంగొకటి చెప్పాల. సుబ్బరాయుడు సబ్బుతో చేతులు కడుక్కోని మగ్గు తెచ్చినాడు, సంచి వంచేకి. ఒక మొగోడు పెండ్లాం ఉచ్చ వంచేది నా కండ్లతో చూసినా. కాయితం బీరువాలో నుంచి వచ్చి మంచం పక్క గోడకు అంటుకోని ఉంది. పదో దినం పైపు తీసినారు. ఆయమ్మ ఇప్పటికీ బతికుంది, మొన్న పెండ్లిమర్రిలో ఒక పెండ్లిలో కనపడి నన్ను కరుచుకోని ఇడవల్యా.

తర్వాత ఆసుపత్రోళ్లు బొమ్మలతో కొత్త కాయితం అచ్చేసినారు. మంచం, గోడమేకు, మేకు మీద ఎర్రగా అడ్డగీత, పిక్కకు తిత్తి. కింద ఇద్దరు డాక్టర్ల పేర్లు. నా పేరా? ఎందుకుంటాది పాపా. ఆ తిత్తి కొలత మాత్రం నాదే. ఇప్పటికీ దాన్ని చూస్తే నా లంగా గుడ్డే కనపడతాది నాకు.

సరే, పొద్దు పోతాంది, నువ్వు బస్సు అందుకోవాల. చల్లగా ఉండు తల్లీ. ఒంట్లో ఏమన్నా అయితే ఓర్చుకునే దానివి కావొద్దు, అరిచే దానివి కావాల...

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, సొంత నోటితో చెప్పించకుండా ఏ ఆడమనిషినీ ఎస్తేరమ్మ ఆ వార్డు గడప దాటనివ్వలేదు. ఆయా పని కాని పని చేస్తోందని ఆమెకు రెండు మెమోలు ఇచ్చారు. రెంటికీ ఆమె జవాబివ్వలేదు.