పదకొండు డైలాగులు

హలో… ఆ, నేనే, జయక్కను. పెట్టెయ్యకు! ఉపేందరూ, నీకు దండం పెడుత, పెట్టెయ్యకు…

ఇది జంగయ్య ఫోను. మన వంట ట్రాలీ ఆటో తోలే జంగయ్య. నా నెంబరు బ్లాక్ చేసినవ్ గద, ఇగ ఏం జెయ్యాలె మరి? నాలుగు దినాల సంది చేస్తనే ఉన్న…

తిట్టు. ఎంత తిట్టాల్నో తిట్టు. కానీ లైన్ల ఉండి తిట్టు.

—ఎయిర్‌పోర్టు కాడ. నువ్వున్న ఎయిర్‌పోర్టే! పైన, డిపార్చర్ గేటు బైట. పొద్దుగాల తుక్కుగూడకు పోయిన, మీ ఇంటికి. మీ అమ్మ చెప్పింది, మస్కట్ పోతున్నడు, నలభై దినాలు కామెడీ ప్రోగ్రాములున్నయని. గట్లనే ట్రాలీ తిప్పుకొని ఉరికొచ్చిన. చెప్పులు గూడ మీ వాకిట్లనే ఇడిసిపెట్టొచ్చిన…

ఒక్క నిమిషం బైటికి రారాదూ…

ఇమిగ్రేషన్ అయిపోయిందా?… ముద్ర గూడ ఏసిన్రా?… అయ్యో ప్రభువా.

…లేదు, ఉన్న. ఇంటున్న. జర ఊపిరి తీసుకోనీ.

తీస్త అన్నా, తీస్త, రెండే నిమిషాలు!… నీతోని కాదు ఉపేందరూ, ఈడ సెక్యూరిటాయన. ట్రాలీ ఆపొద్దంటున్నడు. జంగయ్యా, జర ముంగటికి జరుపు, నేను నడుసుకుంట వస్త… ఆ, చెప్పు.

చెక్కు. అవ్. చెక్కు వాపస్ వచ్చింది. నీ వేషానికి నాలుగు లక్షల చెక్కు ఇచ్చిన, నా ఖాతల నాలుగు వేలు గూడ లేవు. తెలిసే ఇచ్చిన.

…అవ్, తెలిసే! ఇగ దాసుడెందుకు? శుక్రవారం ఓటీటీ వాళ్లు పైసలు ఏస్తరు, సోమవారం నువ్వు చెక్కు ఏస్తవ్ అని లెక్క కట్టుకున్న. శుక్రవారం పైసలు రాలే, నేను తీసిన సినిమానే వాపస్ వచ్చింది.

గదే, విమానాల సప్పుడు. సినిమా అంత చూసిన్రంట. మస్తు నవ్వినమన్నరు. కానీ డైలాగుల మీదికెల్లి విమానాలు పోతున్నయ్, ఇది గిట్ల చూపియ్యం అన్నరు. సప్పుడు లేకుంట చేసి పంపితెనే పైసలంట…

నాకు తెల్వదా? మొదటి దినమే చెప్పినవ్. 'అక్కా, ఈ షెడ్డు నెత్తి మీదనే దిగుతున్నయ్ విమానాలు, రేకులు గజగజ వణుకుతున్నయ్, ఈడ పోలీస్ స్టేషన్ సెట్టేంది' అన్నవ్. నువ్వన్నవ్, సౌండ్ వినోద్ అన్నడు. నేనే ఇనలే. మా చిన్నాయన యేసురత్నం కోళ్ల షెడ్డు, ఉట్టిగ పడున్నది, కిరాయి లేదు. దినానికి పద్దెనిమిది వేలు మిగులుతయ్, ఇరవై రెండు దినాలు… వేళ్ల మీద లెక్క పెట్టుకొని సంబురపడ్డ. నాలుగు లక్షలు మిగిలినయని చర్చిల సాక్ష్యం గూడ చెప్పిన, తెలుసా? మైకు పట్టుకొని. దేవుడే ఈ షెడ్డు చూపిచ్చిండు అన్న. అందరు చప్పట్లు కొట్టిన్రు.

…నవ్వు. నవ్వొస్తె నవ్వు. మా పాస్టరమ్మ గూడ ఇప్పుడు నవ్వుతున్నది.

నేను వంటామెను ఉపేందరూ. పదహారేండ్లు షూటింగులకు బువ్వ పంపిన. ఉల్లిగడ్డ ఏ మార్కెట్ల అగ్గువనో నన్నడుగు. సప్పుడు లేని జాగకు పైసలు పెట్టాలని నాకేం తెలుసు?

ఎంతయిందా? మిగిల్చిన నాలుగు లక్షల కోసం పన్నెండు లక్షలు. స్టూడియోకు గంటకు మూడు వేలు, ఆర్టిస్టులందర్ని మల్ల పిలిచి, మల్ల డైలాగులు చెప్పిచ్చి… అందరియి అయిపోయినయ్. నీయొక్కటే ఉన్నయ్. పదకొండు డైలాగులు.

పైసలిస్తెనే చెప్తవ్. న్యాయమే, కాదంటలేను. కానీ వాళ్లిస్తెనే నేను నీకిస్త, నీ గొంతు పడితెనే వాళ్లు నాకిస్తరు. నేనెటు పోవాలె చెప్పు?…

ఇయ్యాలనే. సాయంత్రం ఆరు గంటలకు ఆఖరు. ఆరు దాటితె అగ్రిమెంటు రద్దు అని మెయిల్ పెట్టిన్రు. ఇప్పుడు రెండున్నర అయింది.

…ఓటీటీ వాళ్లు మొదలు ఇచ్చిన ఆ ఇరవై లక్షల అడ్వాన్సా? ఏం జేసిననంటే… లైట్లోళ్లకు, మేకప్‌కు, కెమెరా కిరాయికి. దినాం కూలి వాళ్లు సాయంత్రం చేతుల పెట్టకపోతె తెల్లారి రారు. నువ్వు అలిగినా వస్తవ్, మాటలనుకుంటనన్న వస్తవ్. గందుకే నిన్ను ఎనకకు నూకిన. మంచిగ ఉన్నోళ్లనే ఎనకకు నూకిన…

ఆ మాట నీకు ఎవరు చెప్పిన్రు?

…జంగయ్యనా. ఈయన నోట్ల నువ్వుగింజ నానదు.

అవ్. జల్‌పల్లి ఇల్లు. కాగితాలు కాటేదాన్‌ల ఒక సేటు కాడ పెట్టిన. నూటికి మూడు రూపాలు మిత్తి. ఇయ్యాలతోని గడువు, రేపు పొద్దుగాల ఆయన మనుషులొస్తరు. ఆ ఇంట్లనే ఉంటం, ఆ ఇంట్లనే వంట. గిన్నెలు, పొయ్యిలు, తొమ్మిది మంది ఆడోళ్లు ఆడనే పనిజేస్తరు. ఇల్లు పోతె అన్నీ పోతయ్.

—మా ఆయనకు తెల్వదు. ఇల్లు నా పేరు మీదున్నది, సంతకం నేనొక్కదాన్నే పెట్టిన. పొద్దుగాల మనుషులొచ్చి తలుపు కొడితె అప్పుడు తెలుస్తది. భయమైతున్నది ఉపేందరూ. ఇంతకు ముందు ఎన్నడు గింత భయపడలే.

…ఆ మాటనకు. 'నీ ఇల్లు పోతె నాకేంది' అంటవా? గుర్తు జేస్కో, గుంపుల నిలబడే వేషాలు ఏసేటోనివి నువ్వు. హీరో క్యారేజిల కెల్లి మటన్ ముక్కలు తీసి నీ పల్లెంల ఏసింది ఎవరు? నీకు—

ఆగు! ఆగు, పెట్టకు! ఉపేందరూ! తమ్మీ…

…తప్పయింది. అనొద్దుండె. పెట్టిన బువ్వను ఎత్తిపొడుస్తరా ఎవరన్న. మా అమ్మ ఉంటె నా మూతి మీద కొడుతుండె. పరేషాన్ల నోటికేదొస్తె అది మాట్లాడుతున్న. నువ్వు నాకేం బాకీ లేవు. నేనే నీకు బాకీ. గంతే.

ఉన్నవా?… ఉన్నవ్ గద.

ఇంకోటి గూడ చెప్త, దాసి ఏం లాభం. మొన్న ఎడిటరు పిల్ల ఏం జేసిందో తెలుసా? నువ్వు స్టూడియోకు రాకపోయేసరికి కంప్యూటర్‌ల నీ గొంతు తయారు చేసింది. ఇనిపిచ్చింది. అచ్చం నువ్వే…

కోపం జెయ్యకు, మొత్తం ఇను. ఒక రాత్రంత ఆలోచించిన. పండుకోలే. ఎవరికి తెలుస్తది అనుకున్న, నలభై దినాలు మస్కట్‌ల ఉంటడు అనుకున్న. పొద్దుగాల లేచి తీసెయ్యమన్న. నా ముంగటనే తీపిచ్చిన…

అగ్రిమెంటుల గట్ల చెయ్యొద్దని ఉన్నది, అవ్, ఆ భయం గూడ ఉండె. మంచిదాన్నని చెప్పుకుంటలేను. కానీ చెల్లని చెక్కిచ్చినదాన్ని, ఇగ గొంతు గూడ ఎత్తుకపోవాల్నా? బైబిల్ వాక్యంల ఒట్టు పెట్టొద్దని ఉన్నది, అయినా పెడుతున్న. నా మీద ఒట్టు, తీపిచ్చిన.

…

ఏదన్న అను. నువ్వు తిడితెనే మంచిగుండె.

…ఆగు, విమానం వస్తున్నది.

…

…ఆ, పోయింది. ఇరవై రెండు దినాలు గిదే పని మనకు, నోట్ల మాట నోట్లనే ఆపుకునుడు… ఏంది? ఏ విమానమా? నీ ముంగట్ల కెల్లే పోయింది గద!

అద్దంల నుంచి చూసినవా. మరి సప్పుడు?… రాలేదా? ఏం రాలేదా?… నా ఫోన్ల కెల్లే ఇనబడ్డదా?

ఉపేందరూ. ఇంకోపారి చెప్పు. నువ్వు విమానాన్ని చూసినవ్. నీకు సప్పుడు రాలే.

…ఏడ కూసున్నవ్ నువ్వు? గేటు కాడ. మంది మస్తున్నరా?… లేచి ఆ మూలకు పో, ఎవరు లేని దిక్కు. పో, నీకు పుణ్యముంటది. అనౌన్స్‌మెంట్లు వస్తున్నయా?… అవ్ గద, అన్నీ టీవీల మీదనే చూపిస్తున్నరంట ఇప్పుడు.

నవ్వుతలేను రా… నవ్వుతున్ననో ఏడుస్తున్ననో నాకే తెలుస్తలేదు. రెండు నెలల సంది విమానం సప్పుడు లేని జాగ కోసం హైదరాబాద్ అంత తిరిగిన. ఎయిర్‌పోర్టు లోపలనే ఉన్నదా అది?

తమ్మీ, జర ఇను. నీ ఫోన్ల రికార్డరు ఉంటది గద. కోటు ఏసుకున్నవా?… దాన్ని తల మీద కప్పుకో. ఫోను నోటికి జానెడు దూరంల పట్టుకో. నీ అమ్మ వేషం ఏసిన రుక్కమ్మయి రెండు డైలాగులు వినోద్ గట్లనే తీసిండు, కార్ల కూసోబెట్టి దుప్పటి కప్పి. మంచిగనే పనికొచ్చినయ్. వాళ్లు ఏం అనలే.

మంది చూస్తరా? చూడనియ్. నీకు సిగ్గు ఎప్పటి సంది? మన సినిమా కోసం నడి బజార్ల లుంగి కట్టుకొని బర్రె ఎనక ఉరికినోనివి…

కాగితం ఎందుకు, నాకు నోటికొచ్చు అన్నీ. మొదటిది, కానిస్టేబుల్ డ్రెస్సుల ఎస్సై ముంగట నిలబడి అంటవ్, 'సార్, బర్రె దొరికింది సార్, దొంగనే పోయిండు.' ఆయన ఎట్ల పోయిండ్రా అంటడు. నువ్వు, 'ఇప్పటిదాంక ఈడనే ఉండె సార్, బర్రె తాడు జర పట్టుకోమని ఆయన చేతికే ఇచ్చిన.'

…చూడు, నీకే నవ్వొస్తున్నది.

రెండోది… ఆ, గదే. మూడోది గూడ వచ్చా?… ఆ… ఆ… కరెక్టే. అన్నీ గుర్తున్నయ్ నీకు. మరి ఈ నాలుగు దినాలు నన్ను గిట్ల ఎందుకు ఏడిపిచ్చినవ్ రా?

సరే సరే, అననులే.

ఆఖరుది మర్చిపోకు. నిన్ను సస్పెండ్ చేస్తరు గద, టోపీ తీసి బల్ల మీద పెడతవ్. పెట్టి జర ఆగుతవ్. ఆగి… నువ్వే అను. ఒక్కసారి అను, ఇంట.

…

…

'పాలు పిండే యాళ్లయింది సార్.' గట్లనే. గట్లనే రా తమ్మీ. నన్ను సస్పెండ్ చేయుండ్రి గానీ బర్రెను మాత్రం ఇంటికి తోలిరానియ్యుండ్రి అని… షెడ్డుల గూడ గిట్లనే చెప్పినవ్. లైట్లోళ్లు కండ్లు తుడుసుకున్నరు. సరిగ్గ గప్పుడే మీదికెల్లి పోయింది దరిద్రపుది.

ఇప్పుడు చెప్పింది రికార్డు అయింది గద?

…ఏంది?… ఫోన్ మాట్లాడుకుంట ఉంటె రికార్డరు నడువదా?… అట్ల గూడ ఉంటదా… నా దిక్కు చేస్తె? లేదు లేదు, నా దిక్కు చేస్తె మల్ల విమానాలే పడతయ్.

ఇంకో ఫోన్… పక్కోళ్లెవరిస్తరు, అవ్. బోర్డింగ్ చెయ్యబట్టిన్రా? ఎంత మంది ఉన్నరు లైన్ల?… యాభై మందన్న ఉంటరా. మంచిది, మస్తు టైమ్. పదకొండు డైలాగులు, ఐదు నిమిషాలు గూడ పట్టదు.

అంటే… నేను ఫోన్ పెట్టెయ్యాలె.

…

పెడుత. పెడుత, ఒక్క మాట. పంపేటప్పుడు వాట్సాప్ వాయిస్ లెక్క పంపకు, డాక్యుమెంట్ లెక్క పంపు. లేకుంటె గొంతు పలుచగ అయితదంట, వినోద్ చెప్పిండు. ఈ జంగయ్య నెంబరుకే పంపు. నా నెంబరు బ్లాకులనే ఉండనీ, ఏం గాదు. వినోద్ స్టూడియోల తయారుగ కూసున్నడు, ఆరు లోపల ఎక్కిస్తడు.

పైసలు పడంగనే మొదలు నీయే. లైట్లోళ్ల కంటె ముందు, సేటు కంటె ముందు… నమ్మబుద్ధి అయితలేదా? ఎట్లయితది. ఈ నడుమ నా మాట నేనే నమ్ముతలేను.

చేస్తననకు. చెయ్యనని గూడ అనకు. ఏమనకు నువ్వు. ఏమన్న అంటె నేను ఈ ఫోన్ పెట్టలేను.

…తీస్తున్నమన్నా, అగో, తీస్తున్నం గద! గట్ల అరుస్తవేంది, ఈడ జీవితాలు పోతున్నయ్!…

ఉపేందరూ, నేను ట్రాలీ కాడనే ఉంట. ఈ ఫోన్ చేతులనే పట్టుకోని ఉంట. నీకు మల్ల ఫోన్ చెయ్య. నేను చేస్తె నీ రికార్డు ఆగిపోతది గద. ఆరు అయినా చెయ్య. నీ విమానం లేసినా చెయ్య.

పైలం పోయిరా. మీ అమ్మకు రోజు నేను బువ్వ పంపుత, ఇది దీని కోసం అంటలేను, ఉట్టిగనే పంపుత.

ఇగ… నువ్వు పెడుతవా?

…నన్నే పెట్టమంటవా.

చెయ్యి వస్తలేదు రా. ఉండు, ఇంకో విమానం వస్తున్నది. ఇది పోనీ, పోయినంక… ఏంది?

అవ్. నీ దిక్కు ఇనబడదు గద.

పెడుతున్న.