వంపు దగ్గర పచ్చ గాజులు

నా పేరు ప్రమోదిని. తండ్రి జలపతిరావు. వయసు ఇరవై రెండు. కెమిస్ట్రీతో బి.ఎస్సీ. ప్యాసయ్యాను. ఉండేది ఇచ్చోడ. ఈ వాంగ్మూలంలో వృత్తి అన్నచోట మా బాపు ‘పెళ్లి కావలసిన పిల్ల’ అని రాయించారు. అది వృత్తి కాదు. నేను పగిలిన గాజులు ఏరుకుంటే మా అవ్వ, అంటే అమ్మ, అది మొగుడికి కీడనుకుంటుంది. నాకింకా మొగుడు లేడు.

మా డీజిల్ జీపు పొగగొట్టం చుట్టూ నీళ్ల డబ్బా వెల్డింగ్ చేయించింది నేనే. లోపల పొగ పోతుంటే ఆ వేడికి చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. ఉట్నూర్ పోయి వచ్చేసరికి స్నానానికి సిద్ధం. అయితే పొగలోని ఆమ్లం ఇనుమును తినేసి, గొట్టానికి చిల్లులు పడుతున్నాయి. ఎనామిల్ గిన్నెలకు ఉన్నట్టు లోపల పూత వేస్తే ఆగుతుందనుకున్నాను. ఎనామిల్ అంటే ఇనుముకు కరిగి అంటుకున్న గాజే.

గాజులమ్మే బాలవ్వ దగ్గర పగిలిన గాజులు అడిగి తెచ్చుకున్నాను. నూరి, వెలిగారం, బంకమన్ను కలిపి గొట్టం లోపల పూసి, కమ్మరి కొలిమిలో కాల్పించాను. ఎర్రవి రాలిపోయాయి. పచ్చవి కొంచెం నిలిచాయి. నీలంవి గట్టిగా పట్టాయి. గొట్టం వంపు దగ్గరికి వచ్చేసరికి నీలంవి అయిపోయాయి. అక్కడ పచ్చవే వేశాను.

నిన్న, 1986 నవంబరు 30, ఆదివారం ఉదయం భైంసా నుంచి పెళ్లిచూపులకు వచ్చినవారిని ఆ జీపులోనే తెచ్చారు. “వేడినీళ్లు తయ్యారున్నయ్, కాళ్లు కడుక్కోండ్రి” అని, డబ్బా తన తెలివే అన్నట్టు బాపే నల్లా తిప్పారు. వంపు దగ్గర పూత అప్పటికే లేచిపోయి, చిల్లుల్లోంచి పొగమసి నీళ్లలో కలిసి ఉంది. నల్లటి నీళ్లు వచ్చాయి. అబ్బాయి ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకొని ఉన్నాడు. మోకాళ్ల దాకా నల్లబడ్డాడు. సబ్బు పెట్టి రుద్దితే ఇంకా పాకింది.

వాళ్లమ్మ సీటు కింద నా మూట చూసింది. అందులో గాజుపొడి, వెలిగారం, మన్ను. “గిది బాణామతే! నా కొడుకు కాళ్లు చూడుండ్రి!” అని అరిచింది. మూట ఎక్కడిదని అడిగారు. గాజులు బాలవ్వ ఇచ్చిందన్నాను. ఆ ఒక్క మాటే విన్నారు. తర్వాత నేను చెప్పిందంతా కెమిస్ట్రీ.

బాపు ఫిర్యాదు మీద బాలవ్వను ఇవాళ పొద్దున్నుంచి ఠాణాలో కూర్చోబెట్టారు. “నాకు బాణామతే వస్తే, గీ చలిల గంప నెత్తిన వెట్టుకొని ఊరూరు ఎందుకు తిరుగుత సారూ?” అని ఆమె ఏడ్చింది.

బాపు నాతో, “నీ మీద గూడ చేసిండ్రు బిడ్డా. లేకుంటే ఆడివిల్ల సైలెన్సర్ల చెయ్యి వెడ్తదా?” అన్నారు.

నేను ఠాణా జీపు పొగగొట్టంలో రుమాలు పెట్టి తిప్పాను. అదే నలుపు వచ్చింది. రుమాలు ఎస్సై గారిది. “మరి ఠాణా మీద ఎవరు చేసిండ్రు బాపూ?” అని అడిగాను. ఎస్సై గారు దగ్గారు.

కనుక బాలవ్వ తప్పేమీ లేదు. ఆమెను ఇప్పుడే ఇంటికి పంపాలి. భైంసా సంబంధం నాకు వద్దు. వంపుకు నీలం గాజులు కావాలి. పెళ్లిచూపులకని అవ్వ నాకు వేయించినవి నీలంవే. వాటిని తీసి ఈ బల్ల మీద పెట్టాను. రేపు నూరుతాను.

ఇది నాకు చదివి వినిపించారు. అంతా నేను చెప్పినదే, జరిగినదే. వృత్తి అన్నచోట కొట్టేసి ‘పొగగొట్టాలకు గాజుపూత’ అని దిద్దాక, బోసి చేత్తో సంతకం చేశాను.

(సం) ప్రమోదిని