పీఠం మీద బొమ్మ

గర్భగుడిలో దీపాలార్పించి, ఆమె టార్చిని పీఠానికి పక్కగా పట్టుకుంది. వెలుగు పక్కనుంచి పడితే చెరిగిపోయిన గీత కూడా నీడై లేస్తుంది. గుడి ఎవరిదో తేల్చడానికి పీఠం మీది బొమ్మ చూసి రమ్మని, పాత శిల్పాలు తెలిసిన ఆమెను పంపింది కోర్టు. పక్కనే గొంతుక్కూర్చున్న పూజారి ఆమెకు సొంత మేనమామ.

"నందేనా?"

"ఉండు మామయ్యా, ఊపిరి తీసుకోనీ."

"నంది ఉంటే గుడి మొదటినుంచీ మనదే. లేళ్ళుంటే అది బుద్ధుడి పీఠం, గుడి బౌద్ధులది. తాళాలు వాళ్ళ చేతికిచ్చి నేను ఇంట్లో కూర్చోవాలి."

లేళ్ళు కనపడితే ఈయన మొహం ఎలా చూడాలా అని ఆమెకు వారంగా నిద్రలేదు. ఏమీ కనపడకపోవడం మాత్రం ఊహించలేదు.

"ఏదో జంతువు ఉండేది. ఇప్పుడంతా నున్నగా ఉంది."

"చెక్కేశారన్నమాట! వాళ్ళ పనేనని రాసెయ్."

"వాళ్ళూ మీ పనేనంటున్నారు. ఉలి పడితే గాటుండాలి కదా? ఒక్కటీ లేదు. చేతులు తాకి తాకి అరిగింది."

"ఎవరి చేతులు?"

"మొక్కినవాళ్ళవి."

"అదే, ఏ మతంవాళ్ళవని?"

"మొక్కే చెయ్యి పేరు చెప్పి పోతుందా ఏంటి?"

"ఎత్తుకు పెంచానే నిన్ను. మామయ్య కోసం ఒక్క ముక్క రాయలేవా?"

"నీ మేనకోడలినని తెలిసీ వాళ్ళు నన్నే ఒప్పుకున్నారు మామయ్యా."

ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి, రోజూ చేసినట్టే, పీఠాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. టార్చి వెలుగు ఇంకా అక్కడే ఉంది.

"ఏంటే, అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. ఇంకాస్త అరిగింది."